వెంట మనిషి ఆగిపోయే గుమ్మం

సెలవుల కాలం దగ్గరపడగానే తొలిసారి విమానం ఎక్కేవారికి సూచనలు అచ్చువేయడం పత్రికల ఆనవాయితీ. ఈ వారం కనిపించిన అటువంటి పట్టీలో ముందుగా చేరుకోవాలనీ, బోర్డులు చూసుకుంటూ నడవాలనీ, సందేహం వస్తే తెరల మీది సమాచారం చదువుకోవాలనీ ఉంది గాని, పక్కవారిని అడగాలని మాత్రం ఎక్కడా లేదు. ఏ పద్ధతీ బోర్డు చదివి అలవడదనీ, తెలిసిన మనిషి వెంట ఒకసారి నడిస్తేనే అలవడుతుందనీ బ్యాంకు చలానా మొదలు ఆధార్ కేంద్రం దాకా పాఠకులు విసిగేటంతగా వాదించిన శీర్షిక ఇది. కాబట్టి ఆ వాదాన్ని విమానాశ్రయం గుమ్మం దాకా లాక్కుపోక తప్పదు.

విమానాశ్రయంలో కొత్తవారిని తికమకపెట్టేది దూరం కాదు, వరుస. గుమ్మం దగ్గర టికెట్టు, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. కౌంటరులో పెద్ద సంచులు తూకం వేయించి అప్పగించి, సీటు నంబరు, గేటు నంబరు ఉండే బోర్డింగ్ పాస్ అనే చీటీ తీసుకోవాలి. ఆ తరువాతనే తనిఖీ, ఆపైన గేటు. దేశీయ ప్రయాణాల్లో కౌంటరును సాధారణంగా విమానం కదిలే వేళకు గంట ముందే మూసివేస్తారు. అప్పగించిన సంచి మళ్లీ చేతికి రాదు గనుక, దేన్ని ఏ సంచిలో పెట్టాలో ఇంటి దగ్గరే తేల్చుకోవలసి ఉంటుంది: ఫోన్లకు బలం ఎక్కించే పవర్ బ్యాంకు మంటలు లేపితే అడుగు అరలో ఆర్పే నాథుడు ఉండడు గనుక దాన్ని చేతిసంచిలోనే ఉంచాలి, విదేశాలకు పోయేటప్పుడు చేతిసంచిలోని ద్రవాల సీసా ఏదీ 100 మిల్లీలీటర్లకు మించరాదు, ఎండుకొబ్బరి అయితే, అందులోని నూనె వల్ల తనంతట తానే వేడెక్కి రాజుకునే గుణం ఉన్నదని, అంతర్జాతీయ విమానయాన నిబంధనల ప్రమాదకర వస్తువుల జాబితాకే ఎక్కింది. కొబ్బరికాయ లేనిదే ఏ ప్రయాణమూ మొదలుపెట్టని సీమవాసికి ఈ చివరి కారణాన్ని ఏ బోర్డూ నమ్మించలేదు, మనిషే చెప్పాలి.

ఈ మాటకు రుజువు కావాలంటే నల్లమలలోని అహోబిలమే చాలు. దిగువ అహోబిలానికీ ఎగువ అహోబిలానికీ నడుమ సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరం. జ్వాల, అహోబిల, మాలోల, వరాహ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన అనే తొమ్మిది నారసింహ క్షేత్రాలు ఈ రెంటి చుట్టూ కొండల్లోనూ అడవిలోనూ చెదిరి ఉన్నాయి. పుస్తకాల్లో ఈ పేర్లు ఒక వరుసలో ఉంటాయి గాని, కాలు నడిచే వరుస అది కాదు. ఛత్రవటం, యోగానందం దిగువ అహోబిలానికి చేరువలో ఉన్నవి కాబట్టి ఎప్పుడైనా చూడవచ్చు. జ్వాలా నరసింహుడి దగ్గరకు భవనాశి ఏటి వెంబడి రాళ్ల మీదుగా ఎక్కాలి గనుక ఎండ ముదరక ముందే బయలుదేరాలి. ఏటిలో నీళ్లు పెరిగితే ఆ లెక్క కూడా మారుతుంది. పావన నరసింహుడిది పూర్తిగా అడవి దారి. హిరణ్యకశిపుణ్ణి చీల్చడానికి స్వామి వెలువడినట్టు చెప్పుకునే ఉక్కు స్తంభం దాకా ఎక్కగల మోకాళ్లెవరివో, మాలోలుడి దగ్గరే కూర్చోబెట్టవలసిన పెద్దవారెవరో దారి చూపేవాడు మొదటి పది మెట్లలోనే పసిగడతాడు. యాత్రికుడికి అందేది దారి ఒక్కటే కాదు, ఎప్పుడు ఆగాలో చెప్పే నోరు కూడా. స్వామివారు సైతం ఒంటరిగా కదలరు: కనుమ నాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో నలభై రోజులకు పైగా పల్లకీలో ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి, ఫాల్గుణ మాసపు తన కల్యాణానికి జనాన్ని తానే పిలుచుకుంటారని ఇక్కడివారి నమ్మకం; చెంచులకైతే ఆయన ఇంటల్లుడు.

ఇటువంటి నేలకు విమానాశ్రయం వచ్చింది. ఆళ్లగడ్డ దగ్గర యాత్రికులు అందుకునే జాతీయ రహదారి మీదనే, నంద్యాల దాటిన తరువాత ఓర్వకల్లులో, 1847లో కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో కట్టిన ఈ విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించగా, మూడు రోజులకు విమానాలు మొదలయ్యాయి. గుమ్మంలో నిలబడితే భవనం మొదలూ చివరా కనిపించేటంత చిన్నది కాబట్టి, వరుస తెలుసుకోవడానికి ఇంతకన్న మంచి బడి దొరకదు. కాని సీమలో తొలిసారి విమానమెక్కేవారిలో ఎందరో దీన్ని చూడనే చూడరు. రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు ప్రాంతాల నుంచి కువైటుకు ఇంటిపనికి పోయే ఆడవారు రాత్రికి రాత్రి చెన్నపట్నమో, బెంగళూరో, శంషాబాదో చేరి, ఊళ్లో బస్సు తప్ప ఎరగని స్థితి నుంచి ఒక్కసారిగా దేశంలోని అతి పెద్ద భవనాల్లో పడతారు. సాగనంపడానికి జీపు నిండా వచ్చిన బంధువులను గుమ్మం దగ్గరే ఆపేస్తారు. టికెట్టు లేనివారికి లోపల పని లేదన్నది నిబంధన. కన్నీళ్ల మధ్య చేతికిచ్చిన మూట తప్ప ఆమెకు ఇక తోడు లేదు. తనిఖీ దాకానైనా ఒక మనిషిని వెంట రానివ్వాలని అడగడమే ఈ వాదానికి సహజమైన ముగింపు.

అయితే ఆ వెంట మనిషి ఎవరన్నది తేల్చకుండా ఈ కోరిక కోరడం ప్రమాదం. పదో తరగతి గట్టెక్కనివారి పాస్‌పోర్టును ఈసీఆర్ అంటారు. అంటే, 1983 నాటి వలసల చట్టం కింద కువైటు వంటి దేశాలకు పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసినది అని అర్థం. ఆ కోవలో ఇంటిపనికి పోయే ఆడవారికి ముప్పై ఏళ్లు నిండాలి. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే వారిని పంపాలన్న నియమమూ ఉంది. ఈ రెంటినీ తప్పించడానికి సందర్శక వీసా మీద ఎక్కించి పంపే ఏజెంట్లు ఉన్నారు, వారిలో కొందరు వరసకు మామలూ బావలే. ఇంటి గడప నుంచి జీపు దాకా ఆమె పక్కన కూర్చుని, ఎవరడిగినా ఏమి చెప్పాలో వల్లె వేయించే మనిషి సరిగ్గా ఆ గుమ్మం దగ్గర ఆగిపోతాడు. లోపల ఇమిగ్రేషన్ కౌంటరులో, అంటే దేశం దాటేవారి పాస్‌పోర్టు సరిచూసే చోట, ఎక్కడికి, ఏ పనికి, ఎవరి దగ్గరికి అని అడిగే అధికారి ముందు ఆమె ఒక్కతే నిలబడుతుంది. ఏజెంటు వినికిడికి అవతల తన నోటితో తాను మాట్లాడే అవకాశం ఆమెకు ఆ ప్రయాణం మొత్తంలో బహుశా అదొక్కటే. అధికారి విసుక్కోవచ్చు, భాష అడ్డు రావచ్చు. ఆ గుమ్మాన్ని బంధువుల కోసం తెరిస్తే మొదట లోపలికి వచ్చేది మాత్రం ఆ ఏజెంటే. ఇన్నాళ్ల వాదం ఇక్కడ వెనక్కి తగ్గక తప్పదు.

కాబట్టి సూచనల పట్టీ మళ్లీ రాసేవారు బోర్డుల సంగతికి ముందు కవరు సంగతి రాయడం మేలు. పాస్‌పోర్టు, వీసా కాగితం, పనికి కుదుర్చుకున్న ఒప్పందం, అక్కడి యజమాని ఫోన్ నంబరు గుమ్మం దగ్గర చివరి నిమిషంలో ఏజెంటు చేతి నుంచి అంటించిన కవరులో అందడం కాక, ముందు రాత్రి ఇంట్లోనే ఆమె చేతికి రావాలి. చదువుకున్న పిల్లెవరైనా వీసా ఏ రకమో, దాని మీద ఏ పని రాసి ఉందో పైకి చదివి వినిపించాలి.