పింగాణీ ఫ్యూజు, పనిమంతుడి చేయి

ఆమదాలవలసలో పాత పెంకుటింటి వసారాలో, మీటరు పక్కన చెక్కపలక మీద తెల్లటి పింగాణీ ఫ్యూజులు. వాటికి తీగ వేసే ఎలక్ట్రీషియన్ చేతిని ఒక్కసారి దగ్గర నుంచి చూడాలి. ముందు మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి కరెంటు లేదని రూఢి చేసుకుంటాడు. ఫ్యూజు ఊడబెరికి మసి తుడుస్తాడు. కళాయి పూసిన సన్నని రాగి తీగను స్క్రూ బిగిసే దిక్కుకే చుడతాడు, లేకపోతే బిగించేకొద్దీ బయటికి జారిపోతుంది. రెండో కొసను మరీ లాగడు. సాగిన తీగ సన్నబడి ముందే కరుగుతుంది. ఎంత అందమైన లెక్క!

చేతికందిన వైరు ముక్క మాత్రం ఎన్నడూ చుట్టడు. లావు తీగ కరగదు, గోడలో వైరే కాలుతుంది.

ఫ్యూజు బదులు పెట్టే మీట, ఎంసీబీదీ ఇదే కాపలా. లోడు ఎక్కువైతే లోపలి జంటలోహపు పట్టీ వేడెక్కి వంగుతుంది, షార్టయితే తీగచుట్ట అయస్కాంతమై క్షణంలో మీటను పడగొడుతుంది. చీకట్లో తీగ వెతికే పనిలేదు. మంచి పనివాడు పడిన మీటను ఊరికే ఎత్తడు, ఎందుకు పడిందో చూస్తాడు.

అయితే షాక్ నుంచి మనిషిని కాపాడడానికి ఈ రెండూ చాలవు. పాత ఇల్లుంటే కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూపించండి.