గోడ మీద ఆత్మకో ఇల్లు

సీతంపేట కొండల్లో సవర గిరిజనుల ఇంట మనిషి మంచాన పడితే, పూర్వం ముందుగా వెతికేది ఎవరు అలిగారన్న సంగతే. అది చెప్పేది కుడన్ అనే పూజారి, ఆడమనిషైతే కుడన్‌బోయి. పోయిన తాతో, కొండదేవతో తమను మరిచారంటూ కోపగించారని కలలోనో పూనకంలోనో తెలుస్తుంది. నయం కావాలంటే ఆ అలిగినవారికి గోడ మీద ఇల్లు కట్టాలి. బొమ్మే ఆ ఇల్లు.

గోడను ఎర్రమట్టితో అలికి ఆరనిస్తారు. నూరిన బియ్యప్పిండి తెలుపు, దీపపు మసి నలుపు. కొస నలగ్గొట్టిన వెదురుపుల్లే కుంచె. ముందు చట్రం గీసి, అంచు నుంచి లోపలికి నింపుకుంటూ పోతారు: గుర్రమెక్కిన మనుషులు, ఏనుగు, నెమలి, బల్లి, దువ్వెన, సూర్యచంద్రులు, చేతులు కలిపి ఆడే వరసలు. 1940లలో ఒడిశా వైపు సవర పల్లెలు తిరిగిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఈ బొమ్మల్లో విమానాలు, రైళ్లు కూడా చూశాడు. తమకు లేని దర్జా అంతా ఆత్మకు సమకూర్చారు.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసేది ఆ తర్వాతి ఘట్టం. కుడన్ దీపం పెట్టి, కల్లు పోసి, ఆత్మను పిలిచి ఇల్లు చూపిస్తాడు. లోటుంటే ఆత్మ అతని నోటనే చెబుతుంది. గీసినవాడు మళ్లీ పుల్ల పట్టాల్సిందే. ఇంత కఠినమైన విమర్శకుడు ఏ చిత్రకారుడికి దొరుకుతాడు!

కంటికి కనబడని శక్తిని ఐరోపా కూడా బొమ్మ కట్టింది. 1489లో మంత్రగత్తెల గురించి ఉల్రిక్ మోలిటర్ రాసిన పుస్తకంలో, కాగే కాగులో పామునూ కోడినీ వేసి వడగళ్లు కురిపించే ఆడవాళ్లను చెక్క అచ్చుతో ముద్రించారు. 1510లో జర్మన్ చిత్రకారుడు హాన్స్ బాల్డుంగ్ గీతకొక చెక్క, రంగుకొక చెక్క వాడి మంత్రగత్తెల రాత్రిని అచ్చువేశాడు. పనితనంలో అది అద్భుతమే. కానీ ఒకే రూపం వందల ప్రతులుగా ఊళ్లు తిరిగి, మంత్రగత్తె అంటే ఇలా ఉంటుందని జనం కళ్లలో నాటుకుంది. మంత్రగత్తెలన్న నెపంతో అక్కడ చంపినట్టే, చిల్లంగి (చేతబడి) అనుమానంతో మనుషుల్ని చంపిన ఘోరాలు మన మన్యంలోనూ ఉన్నాయి. ఆ నిజం దాచి ఈ కళను పొగడలేను. అయినా సవర గోడబొమ్మ పొరుగింటి ముసలమ్మను వేలెత్తి చూపదు. కీడు చేసిన ఆత్మనే ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి, మర్యాద చేస్తుంది. దాని విలువ నాకు అక్కడే కనబడుతుంది.

సిమెంటు గోడలొచ్చాయి, చాలా పల్లెలు క్రైస్తవంలోకి వెళ్లాయి, జ్వరానికి ఆసుపత్రి ఉంది. బొమ్మ కాన్వాసు మీదికి, గుడ్డ మీదికి చేరి కొందరికి కూడు పెడుతోంది, మంచిదే. అయితే ఏ బొమ్మ ఏ ఆత్మకు, ఏ జబ్బుకు గీసేవారో తెలిసిన పెద్దలు తగ్గిపోతున్నారు. గిడుగు రామమూర్తి సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాసిపెట్టారు. ఆ శ్రద్ధతోనే ఈ బొమ్మల కథలనూ సవర యువకులే, సవర మాటల్లోనే, ఇప్పుడే రాసిపెట్టాలి. విశ్వవిద్యాలయాలు, గిరిజన సంస్థలు వారికి అండగా నిలబడాలి.