ఖాళీ కాగితం మీద పులికాట్

నెల్లూరు తీరాన బొమ్మ వేయాలని కూర్చుంటే మొదటి చిక్కు, కంటికి ఆనే కొండ లేకపోవడం. మైపాడు నుంచి పులికాట్ సరస్సు దాకా ఇసుక, సరుగుడు తోటలు, బకింగ్‌హాం కాలువ, ఆపైన నీళ్లే నీళ్లు. చైనా, యూరప్ ప్రకృతి చిత్రాలను పోల్చేవాళ్లు ఎప్పుడూ కొండలనే ముందుకు తెస్తారు. నన్నడిగితే రెండింటి సత్తా తేలేది ఇలాంటి చదును నేల మీదే.

యూరప్ వాళ్లది లెక్క. 1435లో ఇటలీ పండితుడు ఆల్బెర్టీ రాసిపెట్టిన పద్ధతిలో చూసేవాడు ఒకేచోట నిలబడాలి, వెనక్కిపోయే గీతలన్నీ దూరాన ఒక చుక్క దగ్గర కలవాలి. మన బళ్లలో రైలు పట్టాల బొమ్మతో నేర్పేది అదే. సముద్రపొడ్డున పట్టాలేవీ? ఇక్కడ డచ్చివాళ్లు అక్కరకొస్తారు. 1613లో పులికాట్‌లో కోట కట్టిన వాళ్ల సొంత దేశమూ బల్లపరుపే. వాళ్ల చిత్రకారుడు రూయిస్‌డాల్ 1670ల్లో వేసిన హార్లెం ఊరి దృశ్యంలో మూడింట రెండు వంతులు ఆకాశం. కింద మబ్బునీడ పడి నేల నల్లగా, దాని వెనక ఎండలో చలువకు పరిచిన తెల్లగుడ్డలు, మళ్లీ నీడ. ఆ చారలు పట్టుకునే చూపు దూరం పోతుంది.

చైనాలో 11వ శతాబ్దపు చిత్రకారుడు గువో షీ దూరం మూడు రకాలన్నాడు: కిందినుంచి శిఖరానికి, కొండ ముందునుంచి దాని వెనక్కి, దగ్గరనుంచి చదునుగా దూరానికి. మనకు కావలసింది మూడోది. అక్కడి మరో చిత్రకారుడు నీ జాన్ 1372లో వేసిన సిరాబొమ్మ ఇప్పుడు తైపేలో ఉంది. అడుగున కాసిని రాళ్లు, సన్నటి చెట్లు, మనిషి లేని పాక. పైన పొట్టి కొండలు. నడుమంతా ఉత్త కాగితం. ఒక్క అలైనా గీయలేదు, అయినా అది నీరే. ఇటు గట్టు, అటు గట్టు కుదిరితే మధ్యది నీరు కాక ఏమవుతుంది? కుంచెకు సిరా తక్కువ పట్టించి పొడిపొడిగా ఈడ్చాడు కనుక గీత అక్కడక్కడా తెగి, ఒడ్డు తేలిపోయినట్టుంటుంది. నూనెరంగు గీకి మళ్లీ వేసుకోవచ్చు. కాగితంలోకి ఇంకిన సిరాకు ఆ దారి లేదు.

చైనావాళ్ల పొడవాటి బొమ్మల చుట్టల్లోనైతే నిలబడే చోటే మారుతూ ఉంటుంది. కుడినుంచి ఎడమకు కాస్త కాస్తే విప్పుతూ చూస్తారు. పడవలో పోయేవాడికి ఒడ్డు కనిపించేదీ అలాగే.

ఈ తీరానికి చైనా కొత్తేమీ కాదు: ఇక్కడి కొత్తపట్నం తవ్వకాల్లో మధ్యయుగపు చైనా పింగాణీ పెంకులు దొరికాయి. గిన్నెలొచ్చాయి గానీ కుంచెపని రాలేదు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) సైతం చదివింది బొంబాయి జె.జె. స్కూల్లో, యూరప్ పద్ధతిలోనే.

వేసవి మధ్యాహ్నం మైపాడుకు డచ్చి పద్ధతే సరి, వెలుగూ నీడా కోసినట్టుంటాయి. చలికాలం పొద్దున పులికాట్‌లో నీరూ ఆకాశమూ ఒకే రంగు. అక్కడ నీలం పులిమి, అలలు దిద్ది చెడగొట్టిన బొమ్మలు బోలెడు. నీటి జోలికి పోకుండా గట్టు, పడవ అంచు, ఫ్లెమింగోల కాళ్లు గీసి, గడ నీట మునిగిన చోట కుంచె ఎత్తేస్తే సరిపోతుంది.