శిఖరారోహణ వాఙ్మయమున వీరుడెవడు? – మారిషస్ పర్వతవర్ణనల విమర్శ

పర్వతవర్ణనము మన కావ్యములకు క్రొత్త కాదు. మహాకావ్యమున వర్ణింపదగిన విషయములలో దండి శైలమునుగూడ చేర్చియున్నాడు. అయినను ఆ కావ్యములందు మనకు కనబడునది చాలవరకు పర్వతదర్శనమే గాని పర్వతారోహణము కాదు. మనుచరిత్రమున ప్రవరుడు పాదలేప మహిమచే హిమవంతమును చేరెను. అతని కాలికి శ్రమ లేదు, దేహమునకు చెమట లేదు. లేపము కరగిన పిదపనే అతనికి దూరమనునది తెలిసివచ్చినది. రాతిపై చేయి మోపి, అడుగు తడవి చూచుకొనుచు, ఊపిరి బిగబట్టి పైకి ప్రాకుట ప్రధాన వర్ణ్యవిషయముగా నిలుచుట విశేషముగా ఆధునిక యాత్రావాఙ్మయమునందే కాననగును.

అట్టి రచనకు అంగియగు రసము వీరము. మరి ఆ వీరమునకు ఆశ్రయమెవడు? కొండ నెక్కినవాడా, ఎక్కితినని వ్రాసినవాడా? ఇరువురును ఒక్కరే యని మనము సాధారణముగ భావింతుము. ఆ భావన ఎంతవరకు నిలుచునో హిందూమహాసముద్రమందలి మారిషస్ పర్వతములను గూర్చిన రచనలను ఆధారముగ గొని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

మారిషస్ అగ్నిపర్వతజనితమైన ద్వీపము. సుమారు 80 లక్షల సంవత్సరములకు పూర్వము సముద్రమునుండి పైకి వచ్చిన మహాగ్నిపర్వతము శిథిలము కాగా మిగిలిన అంచులే నేటి శిఖరములు. ఇవి ఎత్తున గొప్పవి కావు. అన్నిటికంటె ఉన్నతమైన పితీత్ రివియేర్ న్వార్ శిఖరము 828 మీటర్లు మాత్రమే. పీటర్ బోత్ సుమారు 820 మీటర్లు, లె పూస్ సుమారు 812 మీటర్లు. కాని ఆకారమున ఇవి మిక్కిలి విచిత్రములు. లె పూస్ అనగా ఫ్రెంచి భాషలో బొటనవ్రేలు. 1615లో ఈ ద్వీపసమీపమున ఓడ మునిగి మరణించిన డచ్చి అధికారి పేరు వహించిన పీటర్ బోత్ శిఖరముపై, సన్నని మెడమీద నిలిచిన తలవలె ఒక పెద్ద శిల కలదు. ఎత్తుచే గాక ఆ తలచే అది దుర్గమమైనది.

ఆ తలపై 1832 సెప్టెంబరులో నలుగురు ఆంగ్లేయులు నిలిచిరి. వారు సర్వేయర్ జనరల్ లాయిడు, ఫిల్‌పాట్సు, కెపెల్, టేలరు. 1790లోనే ఒక ఫ్రెంచివాడు దానిని ఎక్కెనను ప్రతీతి ఉన్నను, విపులమైన ఆరోహణవర్ణనము మాత్రము టేలరు వ్రాసినదే. అది లండను రాజకీయ భూగోళ సంఘ పత్రికలో ప్రకటితమై, తరువాత పెక్కు సాహసకథా సంపుటములలో చేరినది. రచన ప్రశంసాపాత్రమే. నిచ్చెన నిలిపిన చోటు, త్రాటిని బిగించిన తీరు, మెడపై చోటు ఎంత ఇరుకో, రాతితలపైనుండి ఆవలికి త్రాడు వేయుటకు పడిన పాట్లు, చివరకు త్రాటికి కట్టిన రాయిని ఊపి విసరి సాధించిన ఉపాయము ఇవన్నియు అతిశయోక్తి లేక చెప్పబడినవి. శిఖరముపై జెండా నిలిపి, రాజుగారి ఆరోగ్యమునకై పానముచేసి, ఆ రాత్రి వారు మెడపైననే గడపిరి.

అయితే ఈ కథకు ప్రాణమైన ఘట్టము వేఱొకటి కలదు. నిచ్చెన ముగిసిన చోటినుండి మెడవరకు నిలువుగానున్న రాతిని మొట్టమొదట ఎక్కినవాడు ఆ నలుగురిలో ఎవడును కాడు. లాయిడు చేతిక్రింది నల్లజాతి సేవకుడొకడు నడుమునకు సన్నని త్రాడు చుట్టుకొని ఎక్కెను. క్రిందటి సంవత్సరపు ప్రయత్నమున విడిచిన త్రాడు క్రుళ్ళియుండుటచే దానిని నమ్మక, రాతిచీలికయే ఆధారముగ ఎక్కెను. ఒక్క రాయి కదలినను అతడు అగాధమున పడవలసినదే. అంతయు బాగున్నదని అతడు పైనుండి కేకవేసిన పిదపనే తక్కినవారికి త్రోవ ఏర్పడినది. చేతికి త్రాడు చిక్కినవారు తరువాత ఎక్కిరి. త్రాడు లేనివాడు ముందు ఎక్కెను. అతని పేరును టేలరు చెప్పలేదు. అప్పటికింకను మారిషస్ ద్వీపమున దాస్యము రద్దు కాలేదు. 1835లో గాని అది జరుగలేదు.

ఇక్కడ రచనయందలి దోషము నైతికము మాత్రమే కాదు, రసవిషయకము కూడ. ఉత్సాహము వీరమునకు స్థాయి. ఈ కథలో ఆ ఉత్సాహము పరాకాష్ఠ నందిన స్థలము ఆ అనామకుని ఆరోహణమే. పాఠకుని గుండె దడదడలాడునది అక్కడనే. కాని అతడు కేకవేసిన మరుక్షణమున కథనుండి తొలగిపోవును. రసమునకు ఆశ్రయమైనవానిని విడిచి, తత్ఫలమును ‘మేము’ అను సర్వనామమున కవి ఇముడ్చుకొనెను. పైగా ఆ జాతివారి పాదముల పట్టును కోతుల పట్టుతో పోల్చెను. వానరసామ్యము మనవారికి నిందయే కానక్కరలేదు. సముద్రమును లంఘించినవాడు మనకు ఆరాధ్యుడు. కాని టేలరు ఉపమ ఆ మార్గమున నడువలేదు. అది అతని ధైర్యమును జాతిస్వభావముగ మార్చి, వ్యక్తికి దక్కవలసిన కీర్తిని హరించినది.

సాహసకథ జనాభాలెక్క కాదనియు, కాలధర్మమును బట్టి రచయితను మన్నింపవలెననియు ఆక్షేపణ రావచ్చును. అందు కొంత న్యాయము కలదు. టేలరు నిజమును దాచలేదు. అతడు చెప్పుటచేతనే ఆ సేవకుని సాహసము మనకు తెలియుచున్నది. త్రాళ్ళను, సామగ్రిని మోసిన నల్లజాతివారిని, సిపాయిలను గూడ అతడు పేర్కొనెను. కాని కన్ను చూచినదానికి రచన తగిన స్థానము ఈయలేకపోవుటయే విమర్శకుడు గుర్తింపవలసిన లోపము. కాలధర్మము లోపమునకు కారణమును చెప్పును. లోపమును గుణముగ చేయజాలదు.

కాలధర్మమును కొలుచుటకు మనకు సమీపముననే ఒక సాధనము కలదు. టేలరు శిఖరమెక్కుటకు ఒక్క సంవత్సరము పూర్వమే, 1831 సెప్టెంబరులో, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర ముగించుకొని చెన్నపట్టణము చేరెను. 1838లో ముద్రితమైన ఆయన గ్రంథమున మజిలీ, నీటివసతి, దొరకు వస్తువులు, పల్లకి మోయు బోయీలు, కూడవచ్చు పరివారము యాత్రలో అంతర్భాగములు. ఆయన పరిచారకులందరి పేర్లు వ్రాసెనని కాదు. యాత్ర పెక్కుమంది కాళ్ళపై నడచునను ఎఱుక ఆ వాక్యములకు అడుగున ఉన్నదని మాత్రమే చెప్పదగును. టేలరు కథయందు కొరవడినది ఆ ఎఱుకయే.

1836లో చార్లెస్ డార్విన్ ఇదే ద్వీపమునకు వచ్చి, మేలో లె పూస్ శిఖరము నెక్కెను. పీటర్ బోత్ నెక్కిన లాయిడే ఆయనకు ఆతిథ్యమిచ్చి, ఆ ద్వీపమున అప్పుడున్న ఒకే ఒక ఏనుగుపై పంపెను. డార్విన్ శిఖరమున జెండా నాటలేదు. మధ్యనున్న పీఠభూమిని, దానిచుట్టు విరిగిన కోటగోడవలె నిలిచి సముద్రమువైపు వాలిన శిలాస్తరములను చూచి, ఈ వలయము ఎట్లేర్పడెనని ప్రశ్నించెను. ఆ కాలమున ప్రచారమందున్న సిద్ధాంతము ఆయనకు తృప్తి నీయలేదు. ఇందు వీరము లేదు, విస్మయము కలదు. అందుచే అద్భుతరస మనదగును. ఆ గ్రంథముననే, భారతదేశమునుండి యావజ్జీవ ప్రవాసశిక్షపై వచ్చి రోడ్లు మొదలగు పనులు చేయుచున్న సుమారు 800 మంది ఖైదీల గంభీరాకృతిని, ఆచారనిష్ఠను గౌరవముతో వర్ణించెను. అయినను కొండ ఒక పుటలోను మనుష్యులు వేఱొక పుటలోను ఉన్నారు. రెంటిని కలుపు వాక్యము రాలేదు.

ఆ సంబంధము క్రిందనున్నవారి కథలలో కాననగును. పీటర్ బోత్ తల ఒక పాలవాడని జనశ్రుతి. అతడు రాత్రివేళ కొండపై దేవకన్యల నృత్యమును చూచెనట. ఎవరికిని చెప్పవలదని వారు కట్టడిచేయగా, మాట నిలుపుకొనలేక చెప్పి, రాయియై పోయెనట. పైకెక్కినవారికి చెప్పుట కీర్తి. ఈ కథలో చెప్పుట శిక్ష. నోరు విప్పిన శిక్షకు గురియగువారి లోకానుభవము ఇందు ధ్వనించుచున్నది. నైరృతికొనయందలి లె మోర్న్ కథ మఱింత దారుణము. పారిపోయిన దాసులు ఆ 556 మీటర్ల కొండను శరణు జొచ్చిరి. దాస్యము రద్దయినదని చెప్పవచ్చిన రక్షకభటులను చూచి, పట్టుకొనవచ్చిరని తలచి, శిఖరమునుండి దూకిరని పరంపరాగతమైన గాథ. 2008లో ఆ కొండ యునెస్కో ప్రపంచవారసత్వ స్థలమైనది. అక్కడ ఆరోహణము వినోదము కాదు, ప్రాణరక్షణము.

1951లో మాల్కం ద షజాల్ రచించిన ‘పెట్రుస్మోక్’ ఈ పర్వతములను లుప్తమైన లెమూరియా జాతి చెక్కిన శిల్పములుగ దర్శించినది. కల్పనాశక్తిలో అది తక్కిన రచనలను మించును. రాయికి ముఖమిచ్చిన కవి అతడు. కాని ఆ శిల్పులు పురాణపురుషులు. ఆ కొండల పాదమున చెఱకుతోటలకై నల్లరాళ్ళను చేతులతో ఏరి గుట్టలుగ పేర్చినవారు చరిత్రపురుషులు. వారి గుట్టలు నేటికిని పొలములలో ఉన్నవి. 1834 మొదలు 1920 వరకు ఇంచుమించు 5 లక్షలమంది భారతీయ కూలీలు ఆ ద్వీపమున దిగిరి. వారిలో కోరంగి రేవునుండి వెళ్ళిన తెలుగువారు ఉండుటచే, మనవారికి అక్కడ కోరంగీలను పేరు నిలిచినది.

కావున శిఖరారోహణ రచనను పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలును. ముందు ఎక్కినదెవరు? మోసినదెవరు? ‘మేము’ అను మాటలో వీరు ఉన్నారా? ఈ పరీక్షకు నిలువని రచనను త్రోసివేయనక్కరలేదు. టేలరు రచనవలె దానినే జాగ్రత్తగ చదివిన మఱుగుపడిన వీరుడు దొరకును. మారిషస్ తెలుగు కుటుంబములు రామభజనమును, అమ్మోరు పండుగను ఇంకను నిలుపుకొనుచున్నవి. ఆ పాటలతోపాటు ఆ కొండలను గూర్చి వారి పెద్దలు చెప్పుకొన్న మాటలను గూడ సేకరించుట మన శాఖలు చేయదగిన పని. శిఖరమునుండి చూచినవారి వ్రాతలు మనకు చాలినన్ని ఉన్నవి. రాళ్ళనేరుచు తలయెత్తి శిఖరమును చూచినవారి మాట చేరినప్పుడే ఈ వాఙ్మయచరిత్ర సమగ్రమగును.