గ్యారేజీలో గోల్ఫ్: అంకెలతో సాధన ఎలా?

గోల్ఫ్ ఆడేవాళ్ళను పీడించే జబ్బుల్లో స్లైస్‌దే పెద్దపీట. కుడిచేతివాటం ఆటగాడు కొట్టిన బంతి తిన్నగా పోవాల్సింది, సగం దారిలో కుడివైపు వంక తిరిగి చెట్లలోనో నీళ్ళలోనో పడుతుంది. దానికి విరుగుడుగా అతను తరవాతి దెబ్బకు కాస్త ఎడమగా గురిపెడతాడు. పాపం, ఆ విరుగుడే రోగాన్ని ముదరబెడుతుంది. ఎలా ముదురుతోందో మైదానంలో నిలబడి కంటితో కనిపెట్టడం మాత్రం అసాధ్యం, ఎందుకంటే క్లబ్ ముఖం బంతిని అంటిపెట్టుకుని ఉండేది సెకనులో రెండువేలో వంతు కాలమే. ఇంట్లో సిమ్యులేటర్ పెట్టుకోవడం డబ్బున్నవాళ్ళ వీడియోగేమ్ అని కొట్టిపారేసేవాళ్ళు గమనించని సంగతి ఇది. ఆ యంత్రం విలువ తెర మీద మెరిసే పెబుల్ బీచ్ గోల్ఫ్ కోర్సు బొమ్మలో లేదు, కంటికి అందని ఆ క్షణాన్ని అంకెల్లో పెట్టడంలో ఉంది. అయితే ఆ అంకెలకు ఒక గుణం ఉంది. ప్రతి బంతికీ వాటినే చూస్తూ కూర్చున్నవాడికి అవి నేర్పేది తక్కువ. సిమ్యులేటర్ ఆటను బాగుచేస్తుందా అన్న ప్రశ్నకు నా జవాబు ఈ రెండు మాటల మధ్యే ఉంది: చేస్తుంది, తెర వైపు చూడటం తగ్గించుకున్నవాళ్ళకు.

ముందు ఆ యంత్రం ఏం చూస్తుందో, ఏం ఊహిస్తుందో విడదీసుకోవాలి. మ్యాట్, దెబ్బలకు తట్టుకునే తెర, ప్రొజెక్టర్ ఇవన్నీ సరంజామా. కొలతలు తీసేది లాంచ్ మానిటర్. ఇందులో రెండు జాతులున్నాయి. డెన్మార్క్‌లో 2003లో పుట్టిన ట్రాక్‌మ్యాన్ లాంటివి డాప్లర్ రాడార్‌తో బంతిని వెంబడిస్తాయి. ఆరుబయట అవి బంతి నేల తాకేదాకా చూడగలవు. గదిలో పది పన్నెండు అడుగులకే తెర అడ్డం వస్తుంది కాబట్టి, దొరికిన ఆ కాస్త దూరంతో మిగతా ప్రయాణాన్ని లెక్కగడతాయి. బంతి మీద చిన్న లోహపు చుక్క అంటించమనో, గుర్తులు అచ్చేసిన బంతులే వాడమనో కంపెనీలు చెప్పేది ఇందుకే, స్పిన్ చదవడానికి వాటికి ఒక ఆనవాలు కావాలి. రెండో జాతి కెమెరాది. బంతి పక్కనే కూర్చుని, దెబ్బ పడిన క్షణంలో వరసగా ఫోటోలు తీసి వాటి నుంచి లెక్క తేలుస్తుంది. గది పొట్టిదైతే కెమెరాయే నయం. ధరల్లో కూడా నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంది. 2021లో వచ్చిన గార్మిన్ ఆర్10 ఆరువందల డాలర్లకు దొరికింది, ట్రాక్‌మ్యాన్ పెద్ద యంత్రం ఇరవై వేల డాలర్ల పైమాటే. ఏది కొన్నా బంతి వేగం, అది లేచే కోణం, బయల్దేరిన దిశ చాలావరకు నమ్మదగ్గవి. చౌక యంత్రాల్లో స్పిన్, క్లబ్ నడిచిన దారి చాలామటుకు ఊహలే. ఈ తేడా తెలియనివాడు యంత్రం ఊహను పట్టుకుని తన స్వింగ్‌ని మార్చుకుంటాడు. అది కొనకపోవడం కన్నా పెద్ద నష్టం.

ఇప్పుడు స్లైస్ దగ్గరికి వద్దాం. క్లబ్ ఏ దారిలో ఊగితే బంతి అటు బయల్దేరుతుందనీ, క్లబ్ ముఖం ఎటు చూస్తుంటే బంతి చివరికి అటు వంపు తిరుగుతుందనీ ఏళ్ళ తరబడి శిక్షకులు నేర్పారు. రాడార్లు వచ్చాక ఈ పాఠం తలకిందులైంది. బంతి బయల్దేరే దిశను ఎక్కువగా నిర్ణయించేది ముఖమే. ఐరన్ క్లబ్‌లతో సుమారు మూడొంతులు, దూరం కొట్టే డ్రైవర్ క్లబ్‌తో అంతకన్నా ఎక్కువ పెత్తనం దానిదే. వంపు పుట్టేది ముఖానికీ దారికీ మధ్య ఉన్న తేడా వల్ల. ఒక దెబ్బ అంకెలు ఇలా ఉన్నాయనుకుందాం: ముఖం గురికి రెండు డిగ్రీలు ఎడమకు, క్లబ్ దారి ఆరు డిగ్రీలు ఎడమకు. బంతి కాస్త ఎడమగానే బయల్దేరుతుంది. కానీ దారితో పోలిస్తే ముఖం నాలుగు డిగ్రీలు కుడికి తెరుచుకుని ఉంది, అందుకని గాలిలో కుడికి వంగుతుంది. ఆ వంపు చూసి ఆటగాడు ఇంకా ఎడమకు తిరిగి నిలబడతాడు, దారి ఎనిమిది డిగ్రీలవుతుంది, ముఖం మాత్రం అసలు గురిని చూడాలన్న తాపత్రయంతో వెనకబడుతుంది. తేడా పెరుగుతుంది, వంపూ పెరుగుతుంది. దారి, ముఖం అని రెండు అంకెలు పక్కపక్కన కనిపించకపోతే ఈ గొలుసు తెగదు. ఎన్ని వందల బంతులు కొట్టినా తప్పునే పదునుపెట్టుకోవడమవుతుంది.

డ్రైవర్ విషయంలో మరో అంకె కళ్ళు తెరిపిస్తుంది, క్లబ్ బంతిని తాకేటప్పుడు కిందికి దిగుతోందా, పైకి లేస్తోందా అన్నది. అమెరికా పురుషుల పీజీఏ టూర్‌లో సగటు ఆటగాడు డ్రైవర్‌తో కూడా ఒక డిగ్రీ కిందికే కొడతాడు. మహిళల ఎల్పీజీఏలో సగటున మూడు డిగ్రీలు పైకి కొడతారు. వాళ్ళ క్లబ్ వేగం గంటకు 94 మైళ్ళ దగ్గర, బంతి గాల్లో పోయే దూరం 220 గజాలకు చేరువ. సరదాకి ఆడే మగవాళ్ళలో చాలామందికి ఆ వేగం ఉంది, ఆ దూరం లేదు. బలం చాలక వచ్చిన తేడా కాదిది, ఇందులో కోణానిది పెద్ద వాటా. టీవీలో పీజీఏ టూర్ మగవాళ్ళను చూసి అనుకరించేవాళ్ళు ఎల్పీజీఏ క్రీడాకారిణి నెల్లీ కోర్డాని చూస్తే ఎక్కువ లాభపడతారని నా అభిప్రాయం.

చాలా యంత్రాల అంకెలు చెప్పని సంగతి ఒకటుంది, క్లబ్ ముఖం మీద బంతి ఎక్కడ తగిలిందో. డ్రైవర్ ముఖం కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. బంతి మధ్యలో కాక మడమవైపు తగిలితే, గేర్ చక్రాలు ఒకదాన్నొకటి తిప్పినట్టు, క్లబ్ తల ఒకవైపూ బంతి మరోవైపూ తిరిగి స్లైస్ స్పిన్ పుడుతుంది. కొసవైపు తగిలితే ఎడమకు వంగే హుక్. కిందిభాగంలో తగిలితే స్పిన్ పెరిగి బంతి పైకి తేలి దూరం తగ్గుతుంది, పైభాగంలో తగిలితే స్పిన్ తగ్గుతుంది. బంతిని మాత్రమే కొలిచే యంత్రం ఇదేదీ చెప్పదు. స్లైస్ వచ్చిందని మాత్రం చెబుతుంది. ఆటగాడు క్లబ్ ముఖం తెరుచుకుందనుకుని పట్టు మారుస్తాడు. దీనికి మందు పాదాలకు చల్లుకునే పౌడర్ స్ప్రే. క్లబ్ ముఖం మీద పల్చగా కొడితే తెల్లటి పొర మీద బంతి అచ్చు గుండ్రంగా పడుతుంది. పది బంతుల అచ్చులు మడమవైపే గుమికూడి ఉంటే, స్వింగ్ జోలికి పోకుండా బంతికి కాస్త దూరంగానో దగ్గరగానో నిలబడి చూడాలి. లక్షల యంత్రం పక్కన ఈ చవక డబ్బా లేని సిమ్యులేటర్ గది అసంపూర్ణమే.

ఇక చూడటం తగ్గించడం సంగతి. కొత్త కదలికను మనిషి ఎలా నేర్చుకుంటాడన్న దాని మీద గట్టి పరిశోధనే ఉంది. కరోలీ విన్‌స్టీన్, రిచర్డ్ ష్మిట్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రతి ప్రయత్నానికీ ఫలితం చెప్పించుకున్నవాళ్ళ కన్నా సగం సార్లే చెప్పించుకున్నవాళ్ళు నేర్చినదాన్ని తరవాత బాగా నిలబెట్టుకున్నారు. అది చేతితో మీటను కదిలించే చిన్న పని, గోల్ఫ్ కాదు. అయినా కారణం గోల్ఫ్‌కూ వర్తిస్తుంది. ప్రతిసారీ జవాబు బయటినుంచి వస్తుంటే చేతులూ నడుమూ చెప్పే సమాచారాన్ని మనసు వినడం మానేస్తుంది. మైదానంలో ఆ తెర ఉండదు, అప్పుడు ఆధారపడటానికి ఏమీ మిగలదు. అందుకని కొట్టాక తెర చూడకముందే పైకి చెప్పుకోవాలి: "మడమన తగిలింది, కుడికి పోయింది, నూటనలభై గజాలు." ఆ తరవాతే అంకె చూడాలి. అంచనాకీ అంకెకీ మధ్య దూరం వారం వారం తగ్గుతుంటే సాధన పనిచేస్తున్నట్టు. చూసే అంకె కూడా ఒక్కటే ఉండాలి. చాలా యంత్రాల్లో మిగతా గళ్ళను తెర మీద దాచేసే వీలుంది, దాన్ని వాడుకోవాలి. గాబ్రియెల్ వుల్ఫ్, ఆమె సహచరులు 1999లో పిచ్ షాట్‌ల (దగ్గరి నుంచి ఎత్తి కొట్టే చిన్న దెబ్బల) మీద చేసిన ప్రయోగం మరో చిన్న ఉపాయం ఇస్తుంది. చేతుల ఊపు మీద దృష్టిపెట్టిన కొత్తవాళ్ళ కన్నా క్లబ్ ఊపు మీద దృష్టిపెట్టినవాళ్ళు మెరుగ్గా కొట్టారు.

ఒకే క్లబ్‌తో యాభై బంతులు బాదడం ఇంకో పొరపాటు. పదో బంతికల్లా చెయ్యి కుదురుతుంది, ముప్పయ్యో బంతికి నేర్చేశాననిపిస్తుంది, మర్నాటికి అది ఉండదు. క్రికెట్ నెట్స్‌లో ఒకే చోట పడే బంతిని వంద సార్లు డ్రైవ్ చేసినవాడు మ్యాచ్‌లో బౌన్సర్‌కి తడబడటం మనకు తెలియనిది కాదు. జాన్ షే, రాబిన్ మోర్గాన్ 1979లోనే చూపించిన సంగతి ఇది. పనులను కలగలిపి సాధన చేసినవాళ్ళు ఆ పూటకి తక్కువ చేసినట్టు కనిపించినా తరవాతి పరీక్షలో ముందున్నారు. సిమ్యులేటర్‌కి ఇక్కడ నిజమైన సౌలభ్యం ఉంది. ఒక కోర్సు పెట్టుకుని ఆడితే డ్రైవర్ తరవాత ఏడో ఐరన్, ఆ తరవాత వెడ్జ్, ఏదీ వెంటనే రెండోసారి రాదు. వీడియోగేమ్ అని వెక్కిరించే ఆ భాగమే, వరసగా బాదే సాధన కన్నా శాస్త్రానికి దగ్గరగా ఉండటం తమాషా.

ఎదురువాదాల్లో అన్నిటికన్నా బరువైనది మ్యాట్ గురించి. పచ్చిక మీద క్లబ్ బంతికి రెండంగుళాల ముందే నేలను తాకితే మట్టిలో దిగబడి, బంతి ఉసూరుమని ముప్పై గజాలు తక్కువ పడుతుంది. మ్యాట్ మీద అదే క్లబ్ జారి ముందుకొచ్చి బంతిని శుభ్రంగా తాకినట్టే తాకుతుంది. తెర మీద చక్కటి షాట్ కనిపిస్తుంది. అంటే యంత్రం ఇక్కడ అబద్ధానికి సాక్ష్యం చెబుతోంది. ఈ ఆక్షేపణను పూర్తిగా ఒప్పుకోవాలి. జాగ్రత్త మాత్రం తేలికే. బంతి వెనక జానెడు కన్నా తక్కువ దూరంలో మడిచిన తువ్వాలు పెట్టి, దాన్ని తాకకుండా కొట్టడం. తువ్వాలు లేచిందంటే తెర ఏం చెప్పినా ఆ షాట్ లెక్కలోకి రాదు. కాంక్రీటు నేల మీద పల్చటి మ్యాట్ పరిచి రోజూ ఐరన్‌లు కొడితే మోచేయి లోపలివైపు నొప్పి పట్టుకుంటుంది. డబ్బు మిగుల్చుకోవాలంటే ప్రొజెక్టర్‌లో మిగుల్చుకోవచ్చు, మ్యాట్‌లో మాత్రం కాదు.

రెండో వాదం, అసలు ఆట రంధ్రం ఉండే గ్రీన్ చుట్టూ ఉంటుంది కదా, పటింగ్, బంకర్ షాట్ ఇంట్లో ఎలా వస్తాయని. రావు. 2025 జనవరిలో టైగర్ వుడ్స్, రోరీ మెకిల్రాయ్ మొదలుపెట్టిన టీజీఎల్ లీగ్‌నే చూడండి. ఫ్లోరిడాలో 64 అడుగుల తెర కట్టుకుని కూడా, గ్రీన్ దగ్గరికి వచ్చేసరికి తెరను వదిలి తిరిగే వేదిక మీద కృత్రిమ పచ్చిక గ్రీన్, నిజమైన ఇసుక పెట్టుకున్నారు. కానీ ఆ భాగం ఆటలో ఎంత? కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు మార్క్ బ్రోడీ పీజీఏ టూర్ షాట్ లెక్కలను మథించి తేల్చినదాని ప్రకారం, అగ్రశ్రేణి ఆటగాళ్ళు మిగతావాళ్ళ మీద సాధించే ఆధిక్యంలో దాదాపు 40 శాతం గ్రీన్ వైపు కొట్టే అప్రోచ్ షాట్‌ల నుంచి, 28 శాతం డ్రైవింగ్ నుంచి వస్తోంది. పటింగ్ వాటా 15 శాతమే. సిమ్యులేటర్ బాగా నేర్పేవి సరిగ్గా ఆ మొదటి రెండే. అమెచ్యూర్లకు అప్రోచ్‌లో వచ్చే పెద్ద తెగులు బంతి గ్రీన్ చేరకుండా ముందే పడటం. ఏడో ఐరన్ నూటయాభై గజాలు పోతుందని వాళ్ళు నమ్మేది, ఎప్పుడో ఒకసారి కుదిరిన దెబ్బను గుర్తుపెట్టుకుని. ఇరవై బంతులు కొట్టి, వాటిలో మంచివాటిని ఏరుకోకుండా మొత్తం మధ్య అంకెను రాసుకుంటే అది నూటముప్పై అయి ఉంటుంది. ఆ కాగితం బ్యాగులో పెట్టుకుంటే స్వింగ్ ఏమీ మార్చకుండానే స్కోరు మెరుగవుతుంది.

తెర ముందు నేర్చింది పచ్చిక మీదికి వస్తుందా అన్నది చివరి ప్రశ్న. దీనికి దక్షిణ కొరియాను మించిన పరీక్షాశాల లేదు. భూమి కరువు, ఫీజులు దండిగా, చలికాలం దీర్ఘం. 2000లో సిమ్యులేటర్ కంపెనీ గోల్ఫ్‌జోన్ మొదలయ్యాక అక్కడ వీధి వీధికీ స్క్రీన్ గోల్ఫ్ గదులు వెలిశాయి. నేల వాలును అనుకరిస్తూ కాళ్ళ కింద ఒరిగే పలకలు కూడా పెట్టారు. కొరియా విజయాలన్నిటినీ ఈ గదుల ఖాతాలో వేయడం తప్పు. పాక్ సే-రి అమెరికా మహిళల ఓపెన్ గెలిచింది 1998లో, అప్పటికి గోల్ఫ్‌జోనే లేదు. కానీ స్క్రీన్ గోల్ఫ్ టూర్‌లో పేరు తెచ్చుకున్న కిమ్ హాంగ్-టేక్ 2017లో కొరియా టూర్ టోర్నీ, 2024లో జీఎస్ కాల్టెక్స్ మేక్యుంగ్ ఓపెన్ గెలిచాడు. ఒక్క మనిషితో సిద్ధాంతం నిలబడదు. తెర మీది ఆట తెర మీదే ఆగిపోతుందన్న సిద్ధాంతం మాత్రం ఆ ఒక్క మనిషితో కూలిపోతుంది.

మన పాఠకులకు ఈ చర్చ దూరపుదేమీ కాదు. గోల్ఫ్ శిక్షకుల సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని టెక్సస్‌లోని ఫ్రిస్కోకి మార్చింది, డాలస్ పరిసరాల్లో తెలుగు కుటుంబాలు దట్టంగా ఉన్న ఊళ్ళలో అదొకటి. ఆఫీసు అయ్యేసరికి చీకటిపడే చలికాలపు రోజుల్లో గ్యారేజీలో అరగంట దొరకడం అక్కడివాళ్ళకు చిన్న సంగతి కాదు. ఇక్కడ హైదరాబాద్‌లో గోల్కొండ, గచ్చిబౌలి, విశాఖలో ఈస్ట్ పాయింట్ అంటూ వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని కోర్సులే ఉన్నాయి. ఇంటి పైకప్పు పదడుగుల ఎత్తు లేకపోతే డ్రైవర్ ఊపడం కష్టం కాబట్టి మన అపార్ట్‌మెంట్లలో పూర్తి సిమ్యులేటర్ కుదరదు. మేడ మీద వల కట్టి, చిన్న రాడార్ పెట్టుకుని ఐరన్‌లు కొట్టుకోవచ్చు. అప్పుడు సెట్టింగుల్లో ఊరి ఎత్తు మార్చడం మరిచిపోకూడదు. సముద్రమట్టానికి అయిదువందల మీటర్ల పైన ఉన్న హైదరాబాద్‌లో గాలి కాస్త పలచన, బంతి రెండు శాతం ఎక్కువ పోతుంది. నూటయాభై గజాల దెబ్బకి అది మూడు గజాలు. విశాఖలో ఆడేవాళ్ళు ఆ గడిని సున్నాకి దగ్గరగానే వదిలేయవచ్చు.