బీరువాలో అడివి

మదనపల్లె నుంచి కుప్పం దాకా బస్సులో ఇద్దరు పిల్లల మధ్య నలిగిపోయాను కాబట్టి ఈ వారం కాలమ్ వాళ్లదే. మా చెల్లెలి మనవరాలు, మనవడు. అది పదేళ్లది, వాడు ఏడేళ్లవాడు. అది సి.ఎస్.లూయిస్ 1950లో వేసిన నార్నియా మొదటి నవల ఇంగ్లీషులో చదువుతూ, తమ్ముడికి తెలుగులో చెబుతోంది. యుద్ధానికి భయపడి లండన్ నుంచి పల్లెకు పంపిన నలుగురు తోబుట్టువులు, పాత బంగళా, చిన్నపిల్ల లూసీ బట్టల బీరువాలో దూరడం, వేలాడే కోట్ల వెనక మంచు పట్టిన అడివి.

పుంగనూరు బస్టాండులో వాడికి అనుమానమొచ్చింది. “బీరువాలో అడివి ఎట్లుంటాదక్కా?”

“కొయ్య బీరువారా అది. మనది ఇనపది.”

నా పాత పాట మీకు తెలిసిందే: చందమామ పత్రిక కథలుండగా పరాయి బీరువాలెందుకని. అందుకే మధ్యలో దూరాను. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో తోకచుక్కతో మొదలెట్టిన సీరియళ్లూ, వాటికి చిత్రా గీసిన బొమ్మలూ తలుచుకుని పింగళుడి కథ ‘ముగ్గురు మాంత్రికులు’ ఎత్తుకున్నాను.

“పింగళుడికి అక్కాచెల్లెళ్లు లేరా తాతా?”

“ఇద్దరన్నలు.”

“వాళ్లూ వెంట పోతారా?”

వాళ్లు తమ్ముణ్ని మోసం చేస్తారని చెప్పడానికి నోరు రాలేదు.

మదనపల్లెలో బస్సెక్కినవాడికి మరో అన్నదమ్ముల కథ గుర్తురాకుండా ఉండదు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఆ ఊళ్లోనే పుట్టాడు. తమ్ముడు నిత్యానంద మూడేళ్లు చిన్న. తల్లి పోయాక తండ్రి వెంట మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరారు. 1909లో అక్కడి సముద్రపు ఒడ్డున ఆ సమాజం పెద్ద లెడ్‌బీటర్ దొర కృష్ణను చూసి జగద్గురువవుతాడన్నాడు. రాత్రిళ్లు పిల్లలు నిద్రపోతుంటే సూక్ష్మశరీరాలతో వాళ్లను హిమాలయాల అవతలి గురువు దగ్గరికి తీసుకెళ్తున్నానన్నాడు. కృష్ణ పూర్వజన్మలు ముప్ఫై లెక్కగట్టి అచ్చేశారు. ఇంతకు మించిన మాయాలోకం ఏ నవలలో ఉంది? మన ఊరి పిల్లలకే దక్కిందని చాన్నాళ్లు గర్వపడ్డాను. ఇదే కాలమ్‌లో రాశాను కూడా.

ఆ గర్వం పలమనేరు దాటాక జారిపోయింది. అప్పుడు పిల్ల ఎడ్మండ్ ఘట్టానికొచ్చింది. లూసీ మాట ఎవరూ నమ్మరు. అన్న ఎడ్మండ్ కూడా ఆ లోకం కళ్లారా చూసొస్తాడు. వచ్చి, అబ్బే, మేమిద్దరం ఉత్తుత్తి ఆట ఆడుకున్నామంటాడు. ఆ లోకాన్ని ఏలే మంత్రగత్తె మంచు మంత్రం కంటే ఈ అబద్ధం చల్లన. బంగళా యజమాని ప్రొఫెసరు మాత్రం, వాళ్లిద్దరిలో నిజం చెప్పే అలవాటు ఎవరిదో చూసుకోండని పెద్ద పిల్లలను అడిగి వదిలేస్తాడు. తలుపు తియ్యడు, లోపలికి తొయ్యడు.

అడయారులో తలుపు తీసినవాళ్లూ, లోపలికి నడిపించినవాళ్లూ పెద్దవాళ్లే. నిత్యకు ప్రాణభయం లేదని ఆ లోకం పేరుతోనే నమ్మించారు. 1925 నవంబరులో అతను అమెరికాలోని ఓహాయ్‌లో క్షయతో పోయాడు. అన్న అప్పుడు ఇండియాకొచ్చే ఓడలో ఉన్నాడు. నాలుగేళ్లకు, 1929 ఆగస్టు 3న, తన కోసం కట్టిన సంఘాన్ని హాలెండులో తనే రద్దు చేశాడు.

పనితనంలో లూయిస్ గెలిచాడని ఒప్పుకుంటున్నాను. పాత పాఠకులు నవ్వుకోండి, పర్లేదు.

రాత్రి కుప్పంలో భోజనాలయ్యాక వాడు మా చెల్లెలి ఇనప బీరువా ముందు నిలబడ్డాడు. హ్యాండిలు పట్టుకుని అక్క వైపు చూశాడు. “నేను ఊరికే చెప్పినాలేరా” అంది అది. వాడి మొహం చూడలేక నేను లేచి తాళం తీశాను. లోపల పట్టుచీరలు, ఇంటి పత్రాలు, కలరా ఉండలు. వాడు చీరల వెనక్కి చెయ్యి పెట్టి చాలాసేపు తడిమాడు. కాసేపటికి అక్క కూడా పెట్టింది.

అక్క ముందు నడిచి, తమ్ముడు నమ్మి వెనక పోయే తెలుగు మాయకథ మీకెవరికైనా తెలిస్తే ఒక కార్డు ముక్క రాయండి. సెలవులింకా పదిరోజులే.