డెక్కు కింద దాచిన బలం

విశాఖలోని గోపాలపట్నంలో బస్సెక్కి సింధియాలో దిగేవాళ్లలో చాలామందికి ఓడల పనే అన్నం పెడుతుంది. ఆ స్టాపుకు పేరిచ్చిన కంపెనీ మొదటి ఓడ గురించి వాళ్లకు చెప్పాలని నాకెప్పుడూ ఉంటుంది.

ఆ ఓడ తొలి పేరు ‘ఎంప్రెస్ ఆఫ్ ఇండియా’. అది 1891లో వాంకూవర్–హాంకాంగ్ దారిలో తిరగడం మొదలుపెట్టిన ప్రయాణికుల స్టీమరు. తెల్ల రంగు, ముందుకు చాచిన సన్నని ముక్కు, 16 నాట్ల వేగం. చూడ్డానికి రాజావారి విహారనౌకే. కానీ టపా మోసినందుకు బ్రిటిష్, కెనడా ప్రభుత్వాలు సబ్సిడీ ఇస్తూ ఒక షరతు పెట్టాయి: యుద్ధమొస్తే ఫిరంగులు బిగించడానికి వీలుగా కట్టాలి.

ఆ షరతు నెరవేరేది డెక్కు కిందే. ఫిరంగి పేలితే వెనక్కి తన్నుతుంది. ఆ తాకిడి డెక్కు ప్లేటు దగ్గర ఆగదు. కింది దూలాల్లోకి, అక్కణ్ణుంచి ఫ్రేముల్లోకి దిగుతుంది. అందుకే ఆ చోట దూలాలు గట్టిగా వేసి, కింద స్తంభాలు నిలపాలి. కేబిన్లు, పైపులు అన్నీ అమర్చాక ఆ పని పెట్టుకుంటే ఓడను సగం విప్పాల్సిందే.

ముందుచూపు ఫలితం 1914లో కనిపించింది. మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ నౌక ఎమ్డెన్ పట్టుకెళ్లిన బొగ్గు ఓడ ఎక్స్‌ఫర్డ్‌ను, ఫిరంగులు బిగించుకున్న ‘ఎంప్రెస్ ఆఫ్ జపాన్’ తిరిగి చేజిక్కించుకుంది. అది మన ఓడకు తోబుట్టువే. మన ఓడను మాత్రం గ్వాలియర్ మహారాజా మాధవరావ్ సింధియా కొని, ‘లాయల్టీ’ అని పేరు మార్చి, సైనికుల ఆసుపత్రి నౌకగా నడిపారు. 1919లో వాల్‌చంద్ హీరాచంద్ బృందం దాన్ని కొని సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టింది. ఆ ఏడాది ఏప్రిల్ 5న అది బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది. ఆ తేదీనే నేడు జాతీయ నౌకాయాన దినం జరుపుకుంటున్నాం. ఆ కంపెనీ షిప్‌యార్డుకే 1941లో రాజేంద్రప్రసాద్ విశాఖలో శంకుస్థాపన చేశారు. 1948లో నెహ్రూ ‘జల ఉష’ ఓడను ఇక్కడే నీళ్లలోకి దింపారు.

నౌకాదళం, షిప్‌యార్డు పక్కపక్కనే ఉన్న ఊరు మనది. మన దగ్గర కట్టే ప్రతి పెద్ద పౌర ఓడకూ డ్రాయింగు దశలోనే ఈ అదనపు బలం చేర్చాలి. దాని ఖర్చు ఓడ యజమాని మీద వేయకుండా సర్కారే భరించాలి. యుద్ధం మొదలయ్యాక ఓడను విప్పి మళ్లీ కట్టేంత వ్యవధి ఎవరూ ఇవ్వరు.